గుట్టు కాపాడేవాళ్లు

కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి స్మృతిలో మునగాలలో చేసిన ఉపన్యాసం

 

ఈ సభకు రమ్మని పిలిచినప్పుడు లక్ష్మణరావుగారి చరిత్ర పరిశోధన గురించో, ఆయన రాసిన శివాజీ చరిత్ర గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకున్నారు. డిజిటల్ హక్కుల కోసం పోరాడుతున్నవాళ్ల గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మన దివానుగారికీ దానికీ ఏం సంబంధమండీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నాకు చేతనైన జవాబు ఇవాళ మీ ముందు పెడతాను.

ముందు ఒక రేషన్ షాపు దగ్గరికి వెళ్దాం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. పొద్దున ఏడున్నర. వరసలో ఇరవైమంది దాకా ఉన్నారు. ముందున్నది ఒక ముసలావిడ. నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి యాభై ఏళ్లు గడిపిన చేతులు. మిషను మీద బొటనవేలు పెట్టింది. ముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. డీలరు మంచివాడే, "తలనూనె కొంచెం రాసి పెట్టు అవ్వా" అన్నాడు. పాపిట దగ్గర రాసుకుని ఆ వేలే పెట్టింది. పదివేళ్లూ అయ్యాయి. కంటి మిషను ఆవేళ పనిచేయడం లేదు. ఓటీపీ వస్తుంది, ఫోనేదీ అన్నారు. ఆ నంబరు హైదరాబాదులో ఉన్న కొడుకుది. అతను ఫోన్ ఎత్తలేదు. "రెండు నెలల సంది ఎత్తట్లేదు" అని ఆవిడే చెప్పింది. చెప్పక తప్పలేదు. అప్పటికి ఆ కొడుకు ఎందుకు ఎత్తడో, పింఛను ఏ బ్యాంకులో పడుతుందో, అందులోంచి ఎవరు తీసుకుంటున్నారో వరసలో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది. ఆవిడ నా వైపు తిరిగి, "నా యేళ్లు అరిగిపోయినయి సారూ, నేను నేనేనని ఎవరు జెప్పాలె?" అంది.

ఆ నెల బియ్యం ఆవిడకు నాలుగో రోజున అందాయి, కంటి మిషను బాగయ్యాక. బియ్యం అందాయి కాబట్టి ఏ రికార్డులోనూ ఇది ఫిర్యాదుగా ఎక్కలేదు. కానీ ఆ వరసలో ఆవిడ పోగొట్టుకున్నది బియ్యం కాదు. దానికి మన భాషలో మంచి మాట ఉంది. గుట్టు.

ఇంగ్లీషులో ప్రైవసీ అనేదాన్ని పత్రికల్లో గోప్యత అని రాస్తున్నాం. తప్పేమీ కాదు కానీ, గోప్యత అనగానే ఎవరో ఏదో దాస్తున్నారన్న అనుమానం అంటుకుని వస్తుంది. అది ప్రభుత్వ ఫైళ్లకు సరిపోయే మాట. గుట్టు అలాంటిది కాదు. "ఆ తల్లి గుట్టుగా సంసారం నెట్టుకొచ్చింది" అంటే దొంగచాటుగా అని అర్థం కాదు, మర్యాదగా అని. ఇంట్లో గంజి తాగినా గడప దాటి చెప్పుకోకపోవడం. గుట్టు బయటపడితే పరువు పోయిందంటాం. ఇంటిగుట్టు లంకకు చేటని సామెత చెప్పుకుంటాం. ఇంత తెలిసిన జాతికి, గోప్యత అనేది పై తరగతులవాళ్ల ముచ్చట, పేదవాడికి కావలసింది తిండి, ఇల్లు అని ఎవరైనా చెబితే ఎలా నమ్మాలి? సుప్రీంకోర్టులో ఈ వాదన నిజంగానే వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు దాన్ని తోసిపుచ్చి, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. ఆస్తి ఉన్నవాడికి గోడలు ఉంటాయి, కాపలా ఉంటుంది. ఏమీ లేనివాళ్లకు ఉన్న ఆస్తి గుట్టు ఒక్కటే. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఆ షాపు దగ్గర చూసి చెబుతున్నాను.

ఇప్పుడు దివానుగారి దగ్గరికి వద్దాం. మునగాల పరగణా అంటే ఏమిటో ఇక్కడి పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. పిల్లల కోసం రెండు మాటలు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ కొద్ది ఊళ్లు మాత్రం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని కృష్ణా జిల్లాకు చెందినవి. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసేదాకా మనం కృష్ణా జిల్లావాళ్లమే. నడిగూడెం కోటలో రాజా నాయని వేంకట రంగారావుగారు, ఆయనకు దివానుగా 1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన లక్ష్మణరావుగారు. అక్క భండారు అచ్చమాంబగారి ఇంట పెరిగి, నాగపూరులో చదువుకుని వచ్చిన మనిషి. సంస్థానం పని చూసుకుంటూనే 1901లో రావిచెట్టు రంగారావుగారు, రాజావారు, మరికొందరితో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, జీవితచరిత్రలు, ప్రకృతి శాస్త్రాలు తెలుగులో రాయించి, తక్కువ ధరకు అచ్చువేసి పంచారు. ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చేసరికి 'అ' అక్షరం దాటలేదు. 1923లో, 46వ ఏట, ఆయన పోయారు.

ఇదంతా మీకు తెలిసిన కథే. నాకు ఎప్పుడూ మెదిలేది వేరే విషయం. ఆయన దివాను. అంటే దస్త్రాల మనిషి. ఏ రైతు ఎంత శిస్తు కట్టాడు, ఎంత బాకీ, ఏ సర్వే నంబరు ఎవరిది అన్న లెక్కలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చేవి. కరణం చేతిలో పుస్తకం ఉండేది. అందులో ఏం రాశాడో రైతుకు తెలియదు. రాసినదాని కింద మాత్రం రైతు బొటనవేలు పడాలి. నిశానీ అనేవాళ్లు. చదవలేని కాగితం మీద తాను ఒప్పుకున్నట్టు ముద్ర వేసే ఆ వేలికీ, తనకు కనబడని కంప్యూటరుకు జవాబు చెప్పే ఈ వేలికీ మధ్య నూరేళ్ల దూరం ఉంది. పని మాత్రం ఒకటే. లెక్క ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లది. లక్ష్మణరావుగారు ఈ సంగతి లోపలి నుంచి చూసి ఉంటారని నా నమ్మకం. చదువును నలుగురి చేతికిచ్చే పని ఆయన ఎందుకంత పట్టుదలగా చేశారో నాకు ఇలాగే అర్థమవుతుంది. ఆయన పోయాక పదీ పదిహేనేళ్లకు ఇదే పరగణాలో శిస్తులకూ వెట్టికీ ఎదురుతిరిగి రైతులు లేచారు. ఆ దివాణం మీదే లేచారు. అది కూడా చెప్పుకోకపోతే మనం చరిత్రను సగమే చెప్పినట్టు.

సరిహద్దు అవతల పరిస్థితి ఇంకోలా ఉండేది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు. పదిమంది కూడి సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. నలుగురూ కూర్చునే గ్రంథాలయం కూడా అనుమానపు చూపులు తప్పించుకోలేదు. మాట్లాడుకోవడానికి ముందు అనుమతి అడగాలన్న ఆ పద్ధతి పోయిందనుకున్నాం. 2022 మేలో అమలాపురం కుల గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. గొడవచేసినవాళ్లు కొందరు. మాట ఆగిపోయింది జిల్లా మొత్తానికి.

ఇక, వీటి గురించి కోర్టుకు వెళ్లేవాళ్లు, రాసేవాళ్లు, ఊరూరా తిరిగేవాళ్లు ఎవరు? డిజిటల్ హక్కుల నాయకులు అనగానే కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రాళ్లు కళ్ల ముందుకొస్తారు. వాళ్లూ ఉన్నారు. కానీ మొదటి వరసలో నాకు కనబడేవాళ్లు వేరు.

గోప్యత కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైనవారు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్ అధ్యక్షులుగా మన మధ్యనే పనిచేశారు. 2012లో ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లేనాటికి ఆయనకు 86 ఏళ్లు. 2024 అక్టోబరులో, 98వ ఏట పోయారు. ఆ వయసులో ఇంకొకరైతే మనవళ్లను ఆడించుకుంటారు. ఆధార్ మీద కేసు వేసినవాళ్లలో శాంతా సిన్హాగారు ఉన్నారు. నెల్లూరులో పుట్టి, ఎం.వి. ఫౌండేషన్ ద్వారా ఈ తెలంగాణ ఊళ్లలోనే పిల్లల్ని పనినుంచి బడికి మళ్లించిన మనిషి, 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నవారు. బడిపిల్లల హక్కుల కోసం బతుకంతా పెట్టినావిడకు వేలిముద్రల కేసుతో ఏం పని? మధ్యాహ్న భోజనానికీ, స్కాలర్‌షిప్పుకూ పిల్లవాడి నంబరు అడగడం మొదలైనప్పుడు ఆమె పని అటు వెళ్లక తప్పలేదని నేను అనుకుంటాను. ఇంకొకరు బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టి, చేత్తో మలం ఎత్తే పనిని రూపుమాపడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపినాయన. పాన్ కార్డుకు ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు మేజర్ జనరల్ వొంబత్కెరెతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒక నంబరు మనిషిని పుట్టుక నుంచి చావు దాకా వెంబడిస్తుందన్నప్పుడు, తాత చేసిన పనిని మనవడు మరిచిపోయి బతకాలనుకునే ఇంట్లో దానికి ఏ అర్థం వస్తుందో విల్సన్‌గారికి ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ ముగ్గురిలో ఒక్కరూ సాఫ్ట్‌వేర్ మనుషులు కారు. న్యాయమూర్తి, పిల్లల టీచరమ్మ లాంటావిడ, పాకీపని చేసినవాళ్ల బిడ్డ. ఉద్యమాన్ని నడిపేది యంత్రం తెలిసినవాళ్లే అయివుండాలన్న నియమం లేదు. యంత్రం ఎవరి మీద పడుతుందో తెలిసినవాళ్లయితే చాలు.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. కృష్ణా జిల్లా మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారు ఆ తొమ్మిదిమందిలో ఒకరు. 2015 ఆగస్టు 11న ఈ గోప్యత ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన ముగ్గురిలో పెద్ద ఆయనే. అంతకు ముందు, అదే ఏడాది మార్చి 24న, జస్టిస్ నారిమన్‌తో కలిసి ఇంటర్నెట్‌లో రాసినదానికి అరెస్టు చేసే వీలిచ్చిన, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసిందీ ఆయనే. మనం ఒకప్పుడు కృష్ణా జిల్లావాళ్లమన్నాను కదా, అందుకే ఈ సంతోషం మీతో పంచుకుంటున్నాను.

ఆ 66ఏ కథలోనూ తెలుగు మనిషి ఉన్నారు. పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పీయూసీఎల్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధ్యక్షురాలు, న్యాయవాది జయ వింధ్యాల. ఒక శాసనసభ్యుడి మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు 2013 మేలో అరెస్టయ్యారు. సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పై అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టులు చేయవద్దన్న కేంద్రం సూచనను రాష్ట్రాలు పాటించాలని కోర్టు అప్పుడే చెప్పింది. రెండేళ్లకు సెక్షనే పోయింది. ఆ కేసులో పీయూసీఎల్ తరఫున నిలబడ్డ న్యాయవాదుల్లో అపర్ గుప్తా అనే యువకుడు ఉన్నారు. 2015లో ఇంటర్నెట్ అందరికీ ఒకేలా అందాలని దేశమంతటినుంచీ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థకు వెళ్లాయి. ఆ ఉద్యమం నడిపిన నిఖిల్ పహ్వా, కిరణ్ జొన్నలగడ్డ, అపర్ గుప్తా, ఇంకొందరు కలిసి 2016లో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ పెట్టారు. కొన్ని వెబ్‌సైట్లే ఉచితంగా చూపిస్తామన్న ఫేస్‌బుక్ పథకం ఆ ఏడాది ఫిబ్రవరి 8న వచ్చిన నియంత్రణ సంస్థ ఉత్తర్వుతో ఆగిపోయింది. దుకాణందారు తన సరుకే కొనేటట్టు దారి వేసి, దానికి ధర్మబాట అని పేరుపెడితే ఎలా ఉంటుందో అలాంటి పథకం అది.

గెలిచిన కథలే చెబితే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. 2015లో కొట్టేసిన 66ఏ కింద పోలీసు స్టేషన్లలో ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని పీయూసీఎల్ మళ్లీ కోర్టుకు వెళ్తే, 2021 జులైలో సుప్రీంకోర్టే నిర్ఘాంతపోయింది. ఢిల్లీలో చచ్చిన చట్టం మండల కేంద్రంలో బతికే ఉంది. ఎందుకు? తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. ఎస్సై బల్ల మీద ఉన్న పాత పుస్తకంలో సెక్షన్ అలాగే ఉంది. అరెస్టయిన కుర్రాడికి అది పోయిందని తెలియదు, చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. నా ఫిర్యాదు మొదలయ్యేది ఇక్కడే. కాసేపట్లో ఆ మాటకు వస్తాను.

హైదరాబాదులో శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడున్నారు. ఆయన చేసే పని పైకి చూస్తే చాలా చిన్నది. ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరిచి చదువుతారు. పట్టికలు, జాబితాలు, ఎవరూ చూడని పేజీలు ఓపికగా చూస్తారు. 2017 మేలో అంబర్ సిన్హాతో కలిసి ఆయన రాసిన నివేదికను సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ప్రచురించింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్లమంది ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అందులో ఉంది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి చంద్రన్న బీమా, ఇంకొకటి ఉపాధి హామీ చెల్లింపుల పట్టిక. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేలమందికి పైగా లబ్ధిదారుల ఆధార్‌తో పాటు కులం, మతం, బ్యాంకు వివరాలు బయటపడి ఉన్నాయని చూపించిందీ ఆయనే. కులం వారీగా, మతం వారీగా ఏ ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవచ్చు. ఒక్క క్షణం ఆలోచించండి. అమలాపురంలో గొడవ జరిగిన రోజున అలాంటి జాబితా ఎవరి చేతికైనా దొరికితే?

2017 నివేదిక వచ్చాక ఏమైంది? లోపం చూపించిన సంస్థకే ఆధార్ ప్రాధికార సంస్థ నుంచి వివరాలు చెప్పమని లేఖ వచ్చింది. పాలు పొంగుతున్నాయని కేకేసినవాణ్ణి పొయ్యి ఎవరు పెట్టారని నిలదీసినట్టు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది అలవాటైపోయింది. జీతం తక్కువ, శత్రువులు ఎక్కువ, ఇంట్లోవాళ్లకు ఏం చేస్తున్నావంటే చెప్పడం కష్టం.

2018 డిసెంబరు ఎన్నికలు మీకు గుర్తుండే ఉంటాయి. పోలింగు కేంద్రానికి వెళ్తే జాబితాలో పేరు లేదని ఎంతోమంది వెనుదిరిగారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2015లో ఓటరు కార్డును ఆధార్‌తో జోడించే కార్యక్రమం ఒకటి నడిచింది. ఇందాక చెప్పిన ఆగస్టు 11 ఉత్తర్వు తర్వాత దాన్ని ఆపేశారు. పేర్ల తొలగింపుకూ ఆ జోడింపుకూ ఉన్న లంకె తేల్చాలని కొడాలి హైకోర్టుకు వెళ్లారు. ఓటు పోయినవాళ్లు వెళ్లలేదు, ఆయన వెళ్లారు. వాళ్లకు ఎందుకు పోయిందో తెలిస్తేగా వెళ్లడానికి.

ఎస్.క్యూ. మసూద్ గురించి చెప్పాలి. పాతబస్తీలో సామాజిక కార్యకర్త. 2021 మేలో, కరోనా రోజుల్లో, ఇంటికి వెళ్తుంటే పోలీసులు ఆపి ముఖానికున్న మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎక్కడికి పోతుంది, ఏ చట్టం ప్రకారం తీశారని అడుగుతూ ఆయన కమిషనరుకు నోటీసు పంపి, జవాబు రాక హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ న్యాయసహాయం చేసింది. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖాన్ని బట్టి మనిషిని పట్టే యంత్రాల మీద దేశంలో ఇలాంటి మొదటి కేసు ఇదే. పోలీసుల సంగతి సరే, 2020 జనవరిలో కొంపల్లి మునిసిపల్ ఎన్నికల్లో పది పోలింగు కేంద్రాల్లో ఓటరు ముఖాన్ని కూడా యంత్రంతో సరిపోల్చి చూశారు. ఆ మసూద్‌గారే తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డుల మీదా సుప్రీంకోర్టుకు వెళ్లారు. దాదాపు 19 లక్షల కార్డులు. మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. పాతబస్తీలో ఒక మనిషి వేసిన కేసు మన మునగాల మండలంలో రద్దయిన కార్డుకూ వర్తించింది. ఆ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను.

ఆ కార్డులు ఎందుకు పోయాయో కొంచెం నిలబడి చూడాలి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. బస్సులు కిక్కిరిసి వచ్చాయి. బొంబాయినుంచి, సూరత్‌నుంచి జనం సొంతూళ్లకు చేరారు. ఇంట్లో అందరూ ఉండాలన్నారు కాబట్టి పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. మా ఇంటికి వచ్చిన మాస్టారు బండి ఉందా, జబ్బులు ఉన్నాయా, బ్యాంకు ఖాతా ఏది అని అడిగితే మేం పోటీపడి చెప్పాం. కొత్త రాష్ట్రం, మన సర్కారు, మన లెక్క. ఆ చెప్పడంలో ప్రేమ ఉంది. చెప్పినది ఎక్కడికి పోతుంది, దేనితో కలుస్తుంది అని అడగాలన్న ఊహే మాకు రాలేదు. తర్వాత సమగ్ర వేదిక అనే వ్యవస్థ వచ్చింది. వేర్వేరు శాఖల జాబితాలను కలిపి, పేరూ చిరునామా పోలికను బట్టి ఒకే మనిషని తేలుస్తుంది. 2014 నుంచి 2019 మధ్య 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దయ్యాయని, వాటిలో ఈ పోలికల తప్పులూ ఉన్నాయని 2024 జనవరిలో అల్ జజీరా వివరంగా ప్రచురించింది. పేరు కలిసిన ఇంకెవరికో కారు ఉంటే, ఆ కారు ఒక పేద ఇంటి ఖాతాలో పడింది. కారు లేదని రుజువు చేయడం ఎలా? ఉన్నదాన్ని చూపించవచ్చు. లేనిదాన్ని ఏ ఆఫీసులో చూపించాలి?

2025 ఉగాదికి మన హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం పంపిణీ మొదలైందంటే అందరం సంతోషించాం, మార్చి 30న. మంచి బియ్యం, మంచి పని. ఆ బియ్యానికీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు మాత్రం అదే తలుపు.

ఇక నా ఫిర్యాదు. నేను గౌరవించే ఈ మనుషులు గెలిచిన విజయాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాళ్ల నివేదికలు, పిటిషన్లు, సభలు అన్నీ ఇంగ్లీషే. ఢిల్లీ, బెంగళూరు, కాస్త హైదరాబాదు. సూర్యాపేట దాటి కోదాడ దారిలో జాతీయ రహదారి మీద రోజూ ఎన్ని వేల కార్లు పోతున్నాయో! వాటిలో ఈ సంగతి చెప్పేవాళ్లు ఒక్కరు మునగాలలో దిగలేదు. వాళ్లు పట్టించుకోక కాదు, మనుషులు లేక. దేశం మొత్తానికీ పూర్తికాలం ఈ పని చేసేవాళ్లు ఎంతో కొద్దిమంది, విరాళాల మీద బతికే సంస్థలు. అది తెలిసే అడుగుతున్నాను. దివానుగారికి కూడా మనుషులు లేరు, డబ్బు లేదు. అయినా ఆయన మొదట చేసిన పని, విషయాన్ని తెలుగు చేయడం.

ఆ బాట పట్టినవాళ్లు లేకపోలేదు. 2005లో హైదరాబాదులో పుట్టిన స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. యర్లగడ్డ కిరణ్ చంద్ర దాని వ్యవస్థాపకుల్లో ఒకరు, తర్వాత 2010లో ఏర్పడ్డ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియాకు ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. కంప్యూటరును తెలుగులో వాడుకునేలా చేయడం వాళ్ల తొలి పనుల్లో ఒకటి. ఆ పేరు నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషులో ఫ్రీ అన్నప్పుడు డబ్బు అక్కర్లేనిదా, కట్టుబాటు లేనిదా అన్న తికమక ఉంది. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్మన్ జీవితమంతా ఆ తేడా చెప్పుకుంటూనే ఉన్నారు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. పేరు పెట్టడంతోనే వాళ్లు ఆ ముడి విప్పేశారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలను వేలమందిని పోగుచేసి, పాత తెలుగు కథల పుటలను కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా చేయించారు. విజ్ఞాన సర్వస్వం రాయబోయి 'అ' దగ్గర ఆగిపోయిన మనిషికి ఈ గుంపుపని చూస్తే ఎంత ఆనందం కలిగేదో! 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు తాము ఇచ్చుకునే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరే పెట్టుకున్నారు. అక్కడ ఎవరూ జీతానికి రాయడం లేదు.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. ఆ చట్టంలో ఒక మంచి మాట ఉంది. మన సమాచారం తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో అడగడం మన హక్కు. ఎలాంటి తెలుగు వస్తుందన్నదే నా బెంగ. బ్యాంకు ఫారాల మీది తెలుగు చూశారుగా. అనువదించినవాడికే అర్థం కాదు. "మీ దత్తాంశ ప్రక్రియీకరణకు సమ్మతి తెలుపుచున్నారా" అని అడిగితే, నాట్లు వేసి వచ్చిన మనిషి ఏం చెబుతుంది? నిశానీ వేస్తుంది. అదే, "మీ ఫోను నంబరు మేం ఇంకొకరికి ఇస్తాం, సరేనా?" అని అడిగితే, "ఎందుకియ్యాలె?" అంటుంది. చట్టం ప్రాణం ఆ ఎదురుప్రశ్నలో ఉంది. దాన్ని పుట్టించే తెలుగు రాయడం న్యాయవాదులకు చేతకాదు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు చేతకాదు. ఆ పని మనది, తెలుగు చదువుకున్నవాళ్లది. ఈ నాయకుల పక్కన మన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అదే చట్టంలో చెడ్డ మాట కూడా ఉంది. సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వనక్కర్లేదనే మినహాయింపును వెడల్పు చేశారు. ఉపాధి హామీ తొలి ఏళ్లలో అనంతపురంలో సామాజిక తనిఖీలు జరిగినప్పుడు మస్టర్ రోల్‌లో పేర్లు గ్రామసభలో గట్టిగా చదివేవాళ్లు. చనిపోయినవాడు కూలికి వచ్చినట్టు రాసుకున్న దొంగలెక్కలు అలాగే బయటపడ్డాయి. మరి పేర్లు చదివితే గుట్టు పోయినట్టు కాదా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. కాదు నాయనా. ప్రజల డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో తెలియాలి, అది ఊరి లెక్క. కూలి మనిషి వేలిముద్ర, జబ్బు, అప్పు ఊరికి అక్కర్లేదు, అది ఇంటి గుట్టు. కొడాలి లాంటివాళ్లు ప్రభుత్వ లెక్కలు తెరిచి పెట్టమని అడుగుతూనే, మనుషుల నంబర్లు మూసిపెట్టమని ఎందుకు అడుగుతారో ఇక్కడ అర్థమవుతుంది. సర్కారు గాజుటింట్లో ఉండాలి, మనిషి గోడలున్న ఇంట్లో ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడి ఉంది.

ఉపన్యాసం ఇంతే. ఇంకొక్క మాట, సభకు సంబంధించినది. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు ఇద్దరు నాతో వచ్చారు. కిటికీ పక్కన, పత్రికల బల్ల దగ్గర కూర్చుంటారు. కార్డు రద్దయిన కాగితం ఉన్నా, పింఛను ఆగిందని మెసేజీ వచ్చినా, అర్థంకాని ఫారం మీద ముద్ర వేసి వచ్చినా తీసుకుని వెళ్లండి. చదివి, అందులో ఏముందో తెలుగులో చెబుతారు, అర్జీ కావాలంటే రాసిపెడతారు. ఫొటోలు తీయరు, మీ నంబర్లు రాసుకోరు. ఒక్కొక్కరే వెళ్లండి, మిగతావాళ్లు ఇటు టీ తాగుతూ ఉండండి. గొంతు తగ్గించి చదవమని పిల్లలకు ముందే చెప్పాను. మీకు వినబడితే చాలు, పక్క బల్లకు వినబడనక్కర్లేదు.